నత్త చల్లారేంతసేపు

అరవై నాలుగో సంవత్సరం ఎండాకాలం నుంచీ నేను ప్రార్థనలో కళ్ళు మూసుకోను. తల వంచుతాను, చేతులు జోడిస్తాను, ఆమెన్ కూడా అందరికంటే గట్టిగానే అంటాను. కళ్ళు మాత్రం తెరిచే ఉంచుతాను. కొత్తగా వచ్చిన పాస్టర్లు ఒకరిద్దరు ఎందుకమ్మా అని అడిగారు. నా మొహం చూసి మళ్ళీ అడగలేదు.

మా నాయన జకరయ్యకి తోటపల్లి గూడూరులో రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు ఉండేది. పొలాల మీది ఆయిలింజన్లు, అప్పుడప్పుడూ లారీలు రిపేరుకొచ్చేవి. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయి నేను ఇంటికి తిరిగొచ్చి, ఆ షెడ్డులోనే పని నేర్చుకున్నాను. నాయన కళ్ళకి నీటికాసులు వచ్చాయని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. ఆయనకి చూపు తగ్గేకొద్దీ షెడ్డులో పని నా చేతికి వచ్చింది.

మూడేళ్ళు కష్టపడి ఇద్దరం ఒక బండి కట్టాం. ఎవరో జమీందారు వాడి పారేసిన పాత అమెరికా కారు అది. వెనక సగం కోసేసి చేపల గంపలు పట్టేలా చెక్క తొట్టి బిగించాం. కింద లారీ స్ప్రింగులు, వెనక లారీ చక్రాలు. పెట్రోలు ఇంజను పీకేసి ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను కూర్చోబెట్టాం. దాని పక్కన, ఈ సముద్రపు ఒడ్డున అప్పటిదాకా ఎవరూ చూడని వస్తువు ఒకటి. నాయన ఆనకట్ట పనుల్లో ఉన్నప్పుడు, పాడైపోయిన మట్టి తవ్వే మిషను నుంచి తెచ్చుకున్నాడు. దాని పేరు టర్బో. చుట్టలు తిరిగిన ఇనప గుల్లలా ఉండేది కాబట్టి మేం నత్త అనేవాళ్ళం. ఇంజను వదిలే పొగ దాంట్లోంచి పోతూ ఒక చిన్న చక్రాన్ని గిరగిరా తిప్పుతుంది. ఆ చక్రం ఇంజనులోకి ఇంకా ఎక్కువ గాలి తోస్తుంది. దాంతో ఇంజనుకి బలం వస్తుంది.

ఆ బలం మాకు మైపాడు ఇసక కోసం కావాలి. మైపాడు పట్టపుపాలెం అనే జాలర్ల పల్లె దగ్గర చివరి మైలు మొత్తం ఇసకే. లారీ రోడ్డు మీదే ఆగిపోయేది. ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఆ మైలు నడిచి లారీకి ఎక్కించి, అది నెల్లూరు స్టేషనుకి చేరేసరికి రోజు విడిచి రోజు మద్రాసు రైలు వెళ్ళిపోయేది. పాలెం పెద్ద గంగులయ్య ఒక మాట అన్నాడు. "మా పడవల దాకా వచ్చి గంపలెత్తుకోని, వారం దినాలు రైలుకి అందించండి. అందిస్తే పాలెం చేపలన్నీ మీ బండికే." సోమవారం నుంచి మొదలుపెట్టమన్నాడు.

బండి నడిపేది నేనే. లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. మా అన్న పరంజ్యోతికి అది కంటగింపు. బడిపంతులు, చర్చి సంఘం పనులు చూసే డీకను. నాకోసం కావలిలో ఆడపిల్లల హాస్టల్లో వంటపని మాట్లాడిపెట్టాడు. జూన్‌లో బడులు తెరిచేలోపు బండికి పని దొరికితే స్టీరింగు, దొరక్కపోతే హాస్టలు వంటిల్లు. మా ఇంట్లో కుదిరిన ఒప్పందం అదీ. మా అమ్మ ఎలిశబెతు అప్పటికే నా ట్రంకుపెట్టె దులిపి ఎండలో పెట్టింది. ఆ పెట్టె కనపడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఏప్రిల్‌లో ఆ సోమవారానికి ముందు బండిని మద్రాసు తీసుకుపోయాం. డీజిలు పంపులు సరిచేసే షాపులో రెండు రోజులు ఉంచుకుని, నత్త తోసే గాలికి సరిపడా డీజిలు అందేలా పంపు అమర్చారు. శనివారం తెల్లవారి బండి అప్పగిస్తూ అక్కడి పెద్ద మేస్త్రీ నాతో కాకుండా నాయనతో చెప్పాడు, నేనే డ్రైవరునని తెలిసి కూడా.

"దూరం తోలి ఆపేటప్పుడు వెంటనే ఆపకూడదు సార్. లోపల చక్రం నిప్పులాగ ఉంటది. ఇంజను ఆపితే నూనె ఆగిపోతది. చక్రం మాత్రం తిరుగుతానే ఉంటది. నూనె లేకుండా తిరిగితే ఇరుసు తిరిగే బుష్ పట్టేస్తది. అయిదు నిమిషం ఊరకే తిరగనిచ్చి అప్పుడు ఆపాల."

మా దగ్గర గడియారం లేదు. నాయన కాసేపు ఆలోచించి, "ఆరు చరణాల కీర్తన నిదానంగా పాడుకుంటే అయిదు నిమిషాలు. అది అయ్యేదాకా పిడి మీద చెయ్యి పెట్టమాక," అన్నాడు నాతో. స్టీరింగు కింద ఒక ఇనప పిడి ఉండేది. దాన్ని లాగితే డీజిలు ఆగి ఇంజను ఆగిపోతుంది.

మద్రాసు దాటాక మొదటిసారి గట్టిగా తొక్కాను. నత్త ఈల వేసింది. సన్నగా మొదలై చెవుల్లోకి ఎక్కే ఈల. బండి మమ్మల్ని సీటుకి అదిమిపెట్టి ముందుకి దూకింది. నాయన నవ్వాడు. "మూడేళ్ళు మే. మూడేళ్ళు ఈ కూత కోసరం కనిపెట్టుకోనుండా," అన్నాడు. సూళ్ళూరుపేటలో టీ తాగడానికి ఆగాం. కీర్తన పాడాను. నాయుడుపేటలో నీళ్ళు పోశాం. కీర్తన పాడాను. ఇంజను తిరుగుతుండగానే దిగి, పాడి, అప్పుడు పిడి లాగాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

దారిలో గూడూరు టౌను రైల్వే గేటు దగ్గర బండి చుట్టూ జనం మూగారు. ఇంజను చూడలేదెవరూ, నన్ను చూశారు. నెల్లూరులో డీజిలు పోయించుకునే దగ్గర ఒక లారీ డ్రైవరు, "ముసిలోడు దొరలాగ కూర్చోని కూతురి చేత తోలిస్తుండాడు చూడండ్రా. ఇంక మనం ఇండ్లకి బొయ్యి వంట చేసుకోవాల," అన్నాడు. అందరూ నవ్వారు. నాయనకి మొహాలు కనపడవు గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. ఆయన తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం చూసి నాకు కోపం నషాళానికి అంటింది. ఏమన్నా అందామంటే ఏడుపొస్తుందేమోనని భయం. బండి ఎక్కి, నెల్లూరు దాటిందగ్గర్నుంచి పన్నెండు మైళ్ళూ కంకర రోడ్డు మీద తొక్కిన కాలు తీయకుండా తొక్కాను. నాయన రెండుసార్లు "నిదానం" అన్నాడు. నేను వినలేదు. నత్త ఈల ఊరు వచ్చేదాకా ఆగలేదు.

ఊరి మొదట్లో చర్చి ముందు సంఘమంతా నిలబడి ఉంది.

కొత్త ఇల్లయినా, కొత్త బావి అయినా, కొత్త బండయినా ప్రార్థన చేయించకుండా వాడుకోవడం మా దగ్గర లేదు. అమ్మ, అన్న కలిసి ఏర్పాటు చేశారట. పాస్టరు హెబ్రోనుగారు తెల్ల అంగీ వేసుకుని బైబిలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. బండి ఆపాను. ఇంజను తిరుగుతోంది. అన్న కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఇంజను ఆపు. ప్రార్థనప్పుడు ఆ మోతేంది?"

"ఆపకూడదన్నా. నత్త చల్లారాల. అయిదు నిమిషాలు."

"దేవుడికంటే నీ నత్త పెద్దదైపోయిందా?"

నాయన కలగజేసుకున్నాడు. "ఒరే పరంజ్యోతీ, దాన్ని తిరగనీరా. అయ్యగారి పని అయ్యగారు చేస్తారు, దాని పని అది చేస్తది."

అన్న పళ్ళు కొరుక్కుని వెనక్కి పోయాడు. పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకున్నారు. చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. ఇంజను మోతలో ఒక్క ముక్క వినపడలేదు. ఆయన ఆగి, కళ్ళు తెరిచి, నా వంక చూశారు. కోపంగా కూడా కాదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ముసలమ్మలు మూతులు తిప్పుకున్నారు. అమ్మ బండి పక్కన నిలబడి, పెదవులు కదపకుండా, "సామ్రాజ్యం," అంది. నా పేరు మాత్రమే అంది. తరువాత అందరూ కళ్ళు మూసుకున్నారు.

నేనూ మూసుకున్నాను. నా చెయ్యి పిడి మీదికి పోయింది. లాగాను.

ఆ తరువాత ప్రార్థన అందరికీ చక్కగా వినపడింది. పాస్టరుగారు మాకు, బండికి, సముద్రానికి, దారిలో ఉన్న వంతెనలకి కూడా దీవెనలు అడిగారు. పది నిమిషాలకి తక్కువ కాదు. నత్త రెండుసార్లు చల్లారడానికి సరిపోయేంత ప్రార్థన. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆమెన్ అయ్యాక ఇంజను స్టార్టు చేసి షెడ్డు వైపు కదిలాను. ఈల లేదు. ఎంత తొక్కినా లేదు. వెనక నల్లటి పొగ. నాయన చెవి ఇంజను వైపు తిప్పాడు. షెడ్డు ముందు బండి ఆగాక దిగి, తడుముకుంటూ వచ్చి, గొట్టం ఊడదీయమన్నాడు. వేడి తగ్గాక లోపల వేలు పెట్టి చక్రాన్ని తిప్పబోయాడు. అది తిరగలేదు.

సంఘంలో సగం మంది మా వెనకే షెడ్డు దాకా వచ్చారు. అన్న అందరికీ వినపడేలా అన్నాడు. "ఇంజను దానంతటదే ఆగింది. అందరం కళ్ళు మూసుకోనుండాం, ఎవురూ ముట్టుకోలా. దేవుడే ఆపినాడు నాయనా. ఆడబిడ్డ బండి తోలేది ఆయనకి ఇష్టం లేదు. ఇంతకంటే గురుతేం కావాల నీకు?"

నోరు తెరిచాను. నాయన నా కంటే ముందు మాట్లాడాడు.

"దేవుడికి వేరే పన్లేదంట్రా? నేనే లాగినాను ఆ పిడి. కనపడక, ఇంకేందో అనుకోని పట్టుకోని లాగినా."

ఆయన నా వైపు తిరగలేదు. పిడి టక్కుమన్న చప్పుడు ఎటు నుంచి వచ్చిందో ఆయన చెవులకి తెలియకుండా ఉండదు. నేను నోరు మూసుకున్నాను.

సోమవారం నత్తని తీసేసి, పొగ గొట్టం నేరుగా బిగించి, పంపు కాస్త తగ్గించి మైపాడు పోయాం. నాయన వద్దనలేదు. గంపలు ఎక్కించుకుని ఇసకలో రెండొందల గజాలు వచ్చామో లేదో వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. తొక్కాను. ఇంకా దిగిపోయాయి. ఎద్దుల్ని కట్టి లాగించి రోడ్డెక్కేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. రైలు ఎప్పుడో పోయింది. తొట్టిలో నుంచి నీళ్ళు కారుతున్నాయి, వాసన మొదలైంది.

కామమ్మ అనే ఆమె తన గంపలోంచి ఒక చేప తీసి బానెట్టు మీద కొట్టింది.

"తెల్లారకముందే సముద్రంలోకి బొయ్యి తెచ్చినారు మా మొగోళ్ళు. గుడ్డోడు కట్టిన బండిలో పెట్టి కుళ్ళబెట్టినాం. మాకు బుద్ధి లేదు!"

గంగులయ్య ఆమెని పక్కకి తప్పించాడు గానీ ఆయన మాట కూడా అదే. "జకరయ్యా, నువ్వు మంచోడివే. పిడి యాడుందో తెలియకుండా లాగినావంటగదా. అట్టాంటోడు కట్టిన బండిని నమ్మి మా కూడు ఎట్ట పెట్టేది?"

నాయన అలాగే నిలబడ్డాడు. నేను ఆయన పక్కన, ఆయన కంటే బాగా కనపడే రెండు కళ్ళతో, నోరు లేనిదానిలా నిలబడ్డాను.

ఆ వారమంతా షెడ్డుకి మనుషులు వచ్చారు, రిపేరుకిచ్చిన ఇంజన్లు తిరిగి తీసుకుపోవడానికి. ఒకాయన విప్పిన ఇంజనుని విప్పినట్టే ఎడ్లబండిలో వేసుకుని పోయాడు. "ఏమనుకోమాక జకరయ్యా, కళ్ళు బాగైనాక తెస్తాలే," అన్నాడు. బాగయ్యే కళ్ళు కాదని ఊరందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పిన మనిషిని అయిదు రోజుల్లో పనికిరానివాణ్ణి చేశారు. చేసింది వాళ్ళు కాదు, నేను. శనివారం షెడ్డు ఖాళీ అయింది. అమ్మ నా చీరలు ట్రంకుపెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. జ్వరం తగ్గిందని ఒకామె, తప్పిపోయిన గేదె దొరికిందని ఒకాయన చెప్పారు. నేను చాప మీద నుంచి లేచాను. పాస్టరుగారు నవ్వు మొహంతో చెప్పమ్మా అన్నారు.

"పోయిన శనివారం ఇంజను ఆపింది దేవుడు కాదు," అన్నాను. "మా నాయనా కాదు. నేను. ఆపకూడదని తెలిసే ఆపినాను. దేవుడికి భయపడి కాదు. మీరంతా నన్ను ఏమనుకుంటారో అని మీకు భయపడి. మా నాయనకి కళ్ళు పోయినాయి గానీ చేతులు పోలా. ఆయన వల్ల ఏ తప్పూ జరగలా. ఇంజన్లు తీసుకపోయినోళ్ళు మళ్ళా తెచ్చి పెట్టండి. ఇదే నా సాక్ష్యం."

సాక్ష్యం చివర స్తోత్రం చెప్పడం ఆనవాయితీ. నేను చెప్పలేదు. అన్న లేచి చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. పాస్టరుగారు చాలాసేపు బైబిలు పేజీలు తిప్పారు.

ఇంటికి వచ్చేటప్పుడు నాయన నా భుజం పట్టుకుని నడిచాడు. సగం దూరం వచ్చాక కోపంగా, "నిన్ను ఎవురు చెప్పమన్నారు?" అన్నాడు. ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదలు.

నేనూ అరిచాను, నడిరోడ్డు మీద. "నువ్వెందుకు నీ మీద ఏసుకున్నావు? నేనడిగినానా? వారం దినాలు నీ పక్కన కూర్చోని కూడు తిన్నాను, నాకు గొంతు దిగిందనుకున్నావా?"

"నా కళ్ళు ఎట్టాగూ పోయేవే గదా మే," అన్నాడు నాయన. "పోయేవాటి మీద ఎంత బరువేస్తే ఏమి? నీ చేతులు ఉండాల్సినవి. వాటికి చెడ్డపేరు రాకూడదనుకున్నా."

నా కోపం అలాగే ఉంది, ఎవరి మీద పెట్టాలో తెలియక.

మర్నాటి నుంచి నత్తని విప్పాం. దాని లోపలి ఇరుసు మీద గీతలు పడ్డాయి గానీ విరగలేదు. నాయన గోటితో తడిమి, ఇక్కడ ఇంకో వెంట్రుక మందం, ఇక్కడ చాలు అని చెబితే నేను రుద్దాను. బుష్‌ని నెల్లూరులో లేతు మీద కొత్తగా తిప్పించాను. మొదటిది వదులైంది, రెండోది బిగుసుకుంది, మూడోది కుదిరింది. ఈలోగా ఆయిలింజన్లు ఒకటొకటిగా తిరిగొచ్చాయి. తెచ్చినవాళ్ళు నా మొహం చూడకుండా నాయనతో మాట్లాడి పోయేవాళ్ళు. అన్న బోగోలు బడికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. ఆరేళ్ళు నాతో మాట్లాడలేదు.

జూన్ మొదటి వారంలో ఒంటరిగా మైపాడు పోయి గంగులయ్య ముందు నిలబడ్డాను. చీవాట్లు పెడతాడనుకున్నాను.

"చర్చిలో అందరి ముందరా తప్పు నీదేనని చెప్పినావంటగదా," అన్నాడు. "మా పాలెంలో ఒక కట్టుబాటుండాది. వల పోగొట్టినోడు అబద్ధమాడితే పడవెక్కనియ్యం. నలుగురి ముందరా ఒప్పుకున్నోడిని మర్నాడే ఎక్కిస్తాం. తే నీ బండి. ఒక్క దినం చూస్తా."

కామమ్మ అక్కడే ఉంది. "ఈసారి కుళ్ళబెడితే చేప కాదు, తెడ్డుతో కొడతా," అంది.

మర్నాడు బండితో పోతూ నాయనని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అప్పటికి ఆయనకి వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియడం లేదు. పడవల దగ్గర గంపలు ఎక్కించాక ఇసకలోకి తిప్పి తొక్కాను. చక్రాలు దిగబోయాయి. నత్త ఈల ఎత్తుకుంది. బండి అటూ ఇటూ ఊగి, ఇసక చిమ్ముకుంటూ, ఆగకుండా, మైలు దూరం లాక్కుని వచ్చి రోడ్డెక్కింది. వెనక ఆడవాళ్ళు కేకలు వేస్తున్నారు. నాయన కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. నెల్లూరు స్టేషనులో గంపలు దించాక రైలు వచ్చింది.

తిరిగి వస్తుంటే చర్చి ముందు పాస్టరు హెబ్రోనుగారు ఒక్కరే నిలబడి ఉన్నారు. చెయ్యి ఎత్తారు. బండి ఆపాను. నా ఎడమ చెయ్యి పిడి దగ్గరే ఉంచాను, లాగడానికి కాదు, ఇంకెవరూ లాగకుండా. దేనికైనా సిద్ధంగానే ఉన్నాను.

ఆయన ఇంజను వైపు చూశారు. నా వైపు చూశారు. "తిరగనీమ్మా," అన్నారు.

చేతులెత్తి, ఇంజను మోత మీద గొంతు చించుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మెడ నరాలు పొంగాయి. సగం మాటలు వినపడలేదు. నాయన తల వంచి, మోకాలి మీద వేలితో మెల్లగా దరువు వేస్తున్నాడు, ఆరు చరణాల కీర్తనకి. నేను కళ్ళు తెరుచుకునే ఉన్నాను. కోపం పోలేదు, చెప్పాలంటే. ఇదే మాట ఏప్రిల్‌లో అని ఉంటే ఏం పోయేదయ్యా అని ఆయన్ని అడగాలనుంది. నన్ను నేను కూడా అడగాలనుంది.

పాస్టరుగారు ఆమెన్ అన్నారు. నాయన వేలు ఆగింది.

"సరిపోయింది," అన్నాడు నాయన. "ఇప్పుడు లాగు."

పిడి లాగాను.